మా మేనత్త పోర్చుగీసు

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను హైదరాబాదులో, ఆఫీసులో ఉన్నాను. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, పాడైన ప్రింటరు గురించి బ్రెజిల్‌లో ఎవరికో పోర్చుగీసులో చెబుతున్నాను. సెల్లులో తమ్ముడు.

"అక్కా, అత్త పోయిందే. పొద్దున్న చెరకు తోటకెల్లింది. గట్టు మీదే ఒరిగిపోయింది."

అవతలి మనిషిని క్షమించమని అడిగి ఫోను పెట్టేశాను. నేను ఆ భాషలో బతుకుతున్నానంటే అది ఆమె వల్లే. ఆమెకేమో తెలుగులో తన పేరు రాయడం కూడా రాదు. ఈ రెండు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే నాకే ఇప్పటికీ నమ్మకం కుదరదు.

అనకాపల్లి పక్కన తుమ్మపాలలో మాది చెరకు సేద్యం. ఆమె మా నాన్నకు అప్ప. భర్త చిన్న వయసులోనే పోతే మా ఇంటికొచ్చేసింది. పొలంలోనూ, బెల్లం వండే గానుగ దగ్గరా పనిచేస్తూ ఉండిపోయింది. చర్చిలో పాటలకు మాత్రం ఆమె తర్వాతే ఎవరైనా. పాటల పుస్తకం ముట్టుకోదు. ఒక్కసారి వింటే చరణాలన్నీ వరసగా వచ్చేసేవి. ఎలా గుర్తుంటాయని అడిగితే, "పొయ్యి మీద పాకం సూసినట్టే. కళ్ళు పక్కకి తిప్పకూడదు, అంతే" అనేది.

నేను ఇంటి నుంచే వైజాగ్ వెళ్ళి ఎమ్మే చదివే రోజుల్లో, పోర్చుగీసు వస్తే హైదరాబాదు కంపెనీల్లో ఉద్యోగం దొరుకుతుందని ఒక సీనియర్ చెప్పింది. నేర్పేవాళ్ళు లేరు. కానీ మేమంతా ఒకరికొకరు స్క్రాప్‌లని చిన్న చిన్న కబుర్లు రాసుకునే స్నేహాల సైటు నిండా బ్రెజిల్ కుర్రకారే. అక్కడ నా ఈడు అమ్మాయి ఒకతె స్నేహితురాలైంది. వాళ్ళదీ చెరకు పండే ఊరే. ఆదివారాలు కెమెరా పెట్టుకుని మాట్లాడుకుందామంది. మాకు సాయంత్రమైతే వాళ్ళకు పొద్దున్న.

నాన్న ఒప్పుకోలేదు. "ఆడపిల్ల ఒక్కత్తే ఆ నెట్ సెంటర్‌కి ఎల్లడమేటి?"

"ఒక్కత్తే ఎందుకెల్తాది? నానూ ఎల్తాను" అంది అత్త.

అలా కాపలాకొచ్చింది. అనకాపల్లిలో, బస్టాండు దగ్గర మేడ మీద గది. హెడ్‌ఫోను ఒక్కటే. కాపలా అంటే వినాలి కదా అని ఒక చెవి ఆమె తీసుకుంది.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, ఆ అమ్మాయి అమ్మమ్మ వచ్చి ముదురు రంగు ముద్ద ఒకటి కెమెరా ముందు పెట్టింది. అత్త కుర్చీలోంచి లేచిపోయింది. "ఓలమ్మా, బెల్లం!"

స్నేహితురాలు ఆ మాట టైపు చేసింది. నేను తెర మీద చదివి "రపదుర" అన్నాను.

"కాదే. ముసలామె 'హపదూర' అంది" అంది అత్త.

అమ్మమ్మ చప్పట్లు కొట్టింది. మాట మొదట్లో 'ర' అక్షరాన్ని వాళ్ళు 'హ' అని పలుకుతారని తర్వాతెప్పుడో పుస్తకంలో చూశాను.

"నువ్వు అచ్చరాలు సూసి పలుకుతావు. నాను నోరు సూసి పలుకుతాను" అంది తిరిగొచ్చేటప్పుడు బస్సులో. పొగరుగా కాదు, బియ్యంలో రాయి చూపించినట్టు.

ఏడాది గడిచేసరికి నేను పేజీలకు పేజీలు రాయగలిగాను. ఫోనులో ఇంటర్వ్యూ వచ్చింది. అవతల బ్రెజిల్ ఆవిడ. ఆమె మాటల్లో ఒక్కటీ అందలేదు. మళ్ళీ చెప్పమని మూడుసార్లు అడిగాక, ఆవిడ మర్యాదగా ముగించేసింది. ఇంటికొచ్చి, ఇంక ఈ భాష జోలికి పోనన్నాను. నాన్న బీఎడ్ చెయ్యమన్నాడు.

ఆదివారం అత్త చర్చి చీర విప్పకుండానే గుమ్మంలో నిలబడింది. "లెగు. ఆలీసమైపోతంది."

సెంటర్‌లో అవతలివాళ్ళు మాట్లాడ్డం మొదలెట్టగానే తన కొంగు తీసి తెర మీద కప్పేసింది.

"అత్తా! అందరూ చూస్తున్నారు."

"సూడనీ. ఇప్పుడు ఇను."

చీకటి బావిలోకి చెవి పెట్టినట్టుంది. ఉక్రోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త మోచేత్తో పొడిచింది. "నిన్న వానొచ్చిందంటంది ముసలామె."

"నీకెలా తెలుసు?"

"పోయిన వారం కిటికీకేసి సెయ్యి సూపించి ఇదే మాటంది కదా."

నేను నోటుపుస్తకాలు నింపుతున్న ఏడాది అంతా ఆమె ఒక్కో మాటనీ అది పుట్టిన చెయ్యితో, చూపుతో, నవ్వుతో సహా దాచుకుంది. నా పక్కనే కూర్చుని. నేను గమనించలేదు.

ఆర్నెల్లు ఆ కొంగు కింద చదువుకున్నాను. రెండో ఇంటర్వ్యూలో అవతలి ఆవిడ నవ్వాపుకోలేక, "ఎవరు నేర్పారమ్మా? మా పల్లెల్లో ముసలమ్మలా మాట్లాడుతున్నావు" అంది. ఉద్యోగం ఇచ్చింది. ఇంట్లో చెబితే అత్త ఒక్కటే అడిగింది: "ఆమె సెప్పిందంతా ఇనబడిందా?"

సమాధుల తోటలో మట్టి వేశాక నెట్ సెంటర్ ఆయన నా దగ్గరికొచ్చాడు. "మీరెల్లిపోయేక కూడా ఆవిడ ఒక్క ఆదివారం మానలేదండి. నేనే ఆ బ్రెజిల్ ముసలామెకి కలిపిచ్చీవోణ్ణి. అక్కణ్ణుంచి ఇద్దరు ముసిలోల్లూ గంటసేపు నవ్వులే నవ్వులు."

నాన్న, తమ్ముడు మొహమొహాలు చూసుకున్నారు. సాయంత్రం ప్రార్థనకు వెళ్తోందనుకున్నారట. రెండేళ్ళు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ ఆదివారం సాయంత్రం నేనే వెళ్ళాను. తెర వెలిగింది. అమ్మమ్మ నా పక్కకు, నా వెనక్కు చూసింది. అత్త పోయిందని వాళ్ళ భాషలో చెప్పాను. చెబుతూనే ఏడ్చేశాను. ఆమె మనవరాలిని పక్కకు జరిపి, మొహం కెమెరాకు బాగా దగ్గరగా తెచ్చి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, తెలుగులో, మా అత్త యాసలో అంది:

"ఏడవకే పిల్లా. కూడు తిన్నావేటి?"

మనవరాలు తెల్లబోయి చూస్తోంది. ముసలామె మాత్రం, సరిగ్గా పలికానా అన్నట్టు, చెవి స్పీకరువైపు వంచి, నా జవాబు కోసం అలాగే కూర్చుంది.