నాన్న భుజానికి సరిపోయే రైఫిల్

ఆ నెల రోజులూ నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అమెరికాలో, శాన్ రామన్‌లో మా ఇల్లు చిన్నదేమీ కాదు. అయినా వంటింట్లోంచి గ్యారేజీకి, గ్యారేజీలోంచి మేడ మీదికి తిరగడమే తప్ప, ఎక్కడా రెండు నిమిషాలు కుదురుగా నిలబడింది లేదు. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి రైఫిళ్ల రివ్యూలు చదివేదాన్ని. నలభై ఏడేళ్లొచ్చేదాకా దీపావళి తుపాకీ తప్ప ఇంకో తుపాకీ పట్టుకోని మనిషిని. వెర్రి వెయ్యి విధాలంటారు, నాది వెయ్యిన్నొకటో రకం.

కారణం నాన్న. ఆర్నెల్లు మా దగ్గర ఉండటానికి వచ్చారు, అందులో నాలుగు నెలలు అప్పటికే గడిచిపోయాయి. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. లెక్కలతో పాటు ఇరవై ఏళ్లపైనే క్యాడెట్ల డ్రిల్ కూడా ఆయనే చూశారు. ఏడాదికోసారి పిల్లల్ని ఫైరింగ్ క్యాంపుకి తీసుకెళ్లేవారు. అక్కడ చిన్న తూటాల టూ టూ రైఫిల్‌తో ఆయన కొట్టిన అయిదు గుళ్ల చిల్లుల్నీ ఒక్క రూపాయి బిళ్లతో కప్పేయొచ్చని మా ఊళ్లో చెప్పుకునేవారు. ఈసారి ఆయన వచ్చిన రోజే చూశాను, కాఫీ కప్పు సాసర్ మీద గలగలలాడింది. మర్నాటి నుంచి స్టీలు గ్లాసు అడిగి, రెండు చేతులతో పట్టుకుని తాగడం మొదలుపెట్టారు. వణుకు ముందు ముందు పెరుగుతుందని డాక్టర్ అన్నాడట. ఆ సంగతి నాకు అక్క ఫోన్లో చెప్పింది, ఆయన చెప్పలేదు. నేనూ తెలిసినట్టు బయటపడలేదు. ఆ చెయ్యి పూర్తిగా మాట వినడం మానేసేలోపు ఆయన చేత ఒక్కసారైనా రైఫిల్ కాల్పించాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

ఇక్కడ ఏ తుపాకుల షాపుకెళ్లినా గోడ నిండా ఒకే రకం నల్ల సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కనిపిస్తుంది. చూడటానికి భయంగానే ఉంటుంది కానీ, భుజానికి ఆనించే భాగాన్ని మనిషికి తగ్గట్టు ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. నాన్న ఎప్పుడో స్కూటర్ మీంచి పడి కుడిభుజం విరగ్గొట్టుకున్నారు. ఆ భుజానికి ఇలాంటిదే నప్పుతుంది. అయితే పెద్ద తూటా వేస్తే వెనక్కి తంతుంది. కాబట్టి ఆ నల్ల రైఫిల్లోనే రిమ్‌ఫైర్ రకం కావాలి. అంటే ఆయనకి అలవాటైన చిన్న టూ టూ తూటాలు కాల్చేది. దానికి రెండు దారులున్నాయి. పెద్ద రైఫిల్ కొని లోపలి భాగాలు మార్చే కిట్ పెట్టుకోవడం ఒకటి, మొదటి నుంచీ టూ టూ కోసమే తయారైనది కొనుక్కోవడం రెండోది.

రైస్ కుక్కర్ కొనాలన్నా ఇరవై మందిని అడిగే జాతి మనది. ఫోన్లో మా తెలుగువాళ్ల గ్రూపుల్లో అడిగాను. ఒకాయన కిట్ కొనమన్నాడు, ఎప్పటికైనా పెద్దది పనికొస్తుందట. ఇంకొకాయన కిట్ పెడితే గురి చెదురుతుందన్నాడు. ఒకావిడ తుపాకీ వద్దు, యోగా క్లాసులో చేరమంది. అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాను. బరువు, పొడవు, ఏ తూటాకి మొరాయిస్తుంది, శుభ్రం చేయడం ఎంత కష్టం. అడ్డువరసలకి రంగులు కూడా వేశాను. మా ఆయన దాన్ని చూసి, పెళ్లిచూపులప్పుడు తన గురించి కూడా ఇంత విచారించావా అని అడిగారు. లేదన్నాను. అది నిజమే.

చివరికి షాపులో తెల్లగడ్డం పెద్దాయన ఒక్క మాటతో తేల్చేశాడు. భుజం దెబ్బతిన్న మనిషి కూడా కాల్చేలా ఉండాలని చెప్పాను. పెద్దది ఆల్రెడీ ఇంట్లో ఉన్నవాడికే కిట్ పనికొస్తుందని, పెద్ద తూటా అక్కర్లేనప్పుడు దాని బరువు మాత్రం ఎందుకు మొయ్యాలని అన్నాడు. టూ టూ కోసమే చేసిన రైఫిల్ తీసి నా చేతిలో పెట్టాడు. పిల్లాడి స్కూలు బ్యాగంత బరువు కూడా లేదు. నెల రోజుల స్ప్రెడ్‌షీట్ అయిదు నిమిషాల్లో దండగైపోయింది.

తర్వాత ఫారం నింపమన్నాడు. అందులో, మీరు తాత్కాలిక వీసా మీద ఈ దేశంలో ఉన్నారా అని ఒక ప్రశ్న. పదహారేళ్లు హెచ్ వన్ వీసా మీద బతికి, కిందటేడాదే గ్రీన్ కార్డు అందుకున్నదాన్ని. ‘లేదు’ అన్నచోట టిక్ పెడుతుంటే నాకొచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంతోషంలో ప్రశ్నని ఇంకోసారి చదవలేదు.

కాలిఫోర్నియాలో కొన్న తుపాకీ చేతికి రావడానికి పది రోజులు ఆగాలి. ఆ పది రోజుల్లో పెట్టె కొన్నాను, తాళం కొన్నాను, చప్పుడు తగలకుండా చెవులకి రెండు జతల మఫ్‌లు కొన్నాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఆయన ఎగతాళి చేశారు. ఆరో రోజు ఫైరింగ్ రేంజ్‌కి ఫోన్ చేసి ఇద్దరికి బుక్ చేయమన్నాను. ఫోనెత్తినమ్మాయి ఇద్దరి వీసా స్టేటస్ అడిగింది. నాన్న విజిటర్ వీసా అని చెప్పాను. అయితే ఆయన రైఫిల్ ముట్టుకోకూడదు, తూటా కూడా పట్టుకోకూడదు, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే తప్ప కుదరదు అంది.

గ్యారేజీ మెట్టు మీద కూలబడ్డాను. పదహారేళ్లు వీసా తప్ప వేరే ధ్యాస లేకుండా బతికినదాన్ని. పక్కింటి వాళ్ల స్టాంపింగ్ డేట్లు కూడా నోటికొచ్చు. నా కార్డు నా చేతికి రాగానే మా నాన్నకీ ఒక వీసా ఉందని మర్చిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

కార్తీక మాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని మనిషికి వేట లైసెన్సు! అయినా వదల్లేదు. ముందు నియమాల కోర్సు చదివి పరీక్ష పాసవ్వాలి. ఐప్యాడ్‌లో పాఠాలు తెరిచిచ్చాను. బాతుల బొమ్మలు, జింకల బొమ్మలు, తుపాకీ పట్టుకుని కంచె ఎలా దాటాలి, అన్నీ నాన్న ఇష్టంగా చదివారు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ టకటకా చెప్పారు. తీరా పరీక్షకి ఫీజు కట్టబోతుంటే వద్దన్నారు.

“వేటాడనివాడికి వేట కాగితం ఎందుకమ్మా? అబద్ధం కదా,” అన్నారు.

ఎవరూ అడగరన్నాను. లైసెన్సు ఉన్నవాళ్లంతా వేటాడాలని రూలేం లేదన్నాను. ఆయన తిరుగు ప్రయాణానికి పన్నెండు రోజులే ఉందన్నాను. ఎన్ని చెప్పినా ఆయన కదల్లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం గిన్నెలన్నీ చప్పుడయ్యేలా సర్దాను, ఆయనకి వినబడాలనే.

పదకొండో రోజు రైఫిల్ తెచ్చుకున్నాను. ఆదివారం రేంజ్‌కి వెళ్తుంటే, నేనూ వస్తాను, దూరంగా కూచుని చూస్తానన్నారు నాన్న. అద్దం అవతల కుర్చీలో కూర్చున్నారు. నేను రేంజ్ మాస్టర్ చెప్పినట్టు గురి చూసి అయిదు గుళ్లు కాల్చాను. ఊపిరి ఎప్పుడు పీల్చానో ఎప్పుడు వదిలానో నాకే తెలియదు. టార్గెట్ కాగితం తీసుకుని బయటికొస్తే చిల్లులు తలో దిక్కునా ఉన్నాయి.

నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. నేను మళ్లీ మొదలుపెట్టాను. ఇంకా వారం ఉంది, రేపు పరీక్షకి కడదాం, మీరు ఒక్కసారి పట్టుకుంటే చాలు, ఈ రైఫిల్ అసలు తన్నదు, మీ భుజానికి ఏమీ కాదు అంటూ గడగడా చెప్పుకుపోయాను.

“భుజం గురించి కాదే,” అన్నారు. నా వైపు చూడలేదు. “లైసెన్సు చేతిలో పెట్టినా నేను ముట్టుకునేవాణ్ణి కాదు. నా చెయ్యి వణకడం నువ్వు చూస్తావని.”

 ఎంతమందిని అడిగాను. షాపాయన్ని, గ్రూపుల్లో మొహం తెలియనివాళ్లని, యోగాలో చేరమన్న ఆవిణ్ణి కూడా. కాల్చాలని ఉందా నాన్నా అని ఈయన్ని మాత్రం ఒక్కసారి అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

“తెలుసు నాన్నా. వచ్చిన రోజే చూశాను,” అన్నాను.

 ఆయన కౌంటర్ మీదున్న పెన్ను అందుకుని, కాగితాన్ని నా ముందే బల్ల మీద పరిచారు. ఒక్కో చిల్లు పక్కనా దాని మార్కు వేశారు. అంకెలు వంకర్లు పోయాయి. మూడుని రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది. అయినా ఆయన రెండో చేయి సాయం పెట్టుకోలేదు, చేయి వెనక్కి తీసుకోలేదు. కింద మొత్తం కూడి, యాభైకి పంతొమ్మిది అని రాసి, కాగితం నాకు తిప్పి చూపించి, ఊపిరి పట్టడం ఎలాగో చెప్పడం మొదలుపెట్టారు.