పెద్ద నర్సమ్మ పచ్చపావురాలు

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతున్న రోజుల్లో నేను మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకునేదాన్ని. మాకు పైన ఉండే పెద్ద నర్సమ్మ తన ఇంటి వెనక వెదుళ్లు, ఇనుప జాలీతో గదంత పంజరం కట్టించి పక్షులను పెంచేది. వాటిలో పచ్చపావురాల జంటంటే ఆమెకు ప్రాణం. పంజరంలో అవి పిల్లలను చెయ్యవని దగ్గర్లోని పుంగనూరులో పక్షులు పెంచేవాళ్లంతా ఆశ వదులుకున్నారు. ఆమె వదులుకోలేదు. పొద్దున్నే మేడిపండ్లు చిదిమి లోపల పెట్టి, "తినండమ్మా, మీకేం తొందర లేదు" అనేది. నొప్పులు పడే ఆడవాళ్లతోనూ ఆమె మాట అదే.

ఏటా అవి గుడ్లు పెట్టేవి. జనం తొంగిచూడగానే బెదిరి గూడు వదిలేసేవి. ఆ ఏడు గుడ్లు కనబడగానే ఆమె పంజరం చుట్టూ పాత చీరలు కట్టేసింది. ఒకనాడు పెద్ద డాక్టరు దొర ఆ పక్షులను చూపించడానికి అతిథులను వెంటబెట్టుకొచ్చాడు. ఆయనకు ఎదురు చెప్పినవాళ్లను మేమెవరం చూడలేదు.

ఆమె దారికి అడ్డంగా నిలబడింది. "ఇప్పుడొద్దు దొరా. తల్లి గుడ్ల మీద ఉండాది. మన వార్డులో కాన్పు జరుగుతాంటే ఊరోళ్లను పిలిచి సూపిస్తామా?"

దొర ముఖం ఎర్రబడింది. అయినా అతిథులతో వెనుదిరిగాడు.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదటిసారి ఎగిరి పంజరంలోని కొమ్మ మీద వాలిన ఉదయం ఆమే అందరినీ పిలిచింది. లేవగలిగిన రోగులూ వచ్చారు. దొర మెచ్చుకుంటూ చెయ్యి చాపితే రెండు చేతులతో పట్టుకుని, "పుట్టింది దొరా, మన మదనపల్లెలో పుట్టింది" అంది.

ఆ పూటంతా కట్లు కడుతూ, మందులు పోస్తూ, వార్డులోకి వచ్చిన ప్రతి మనిషికీ ఆ సంగతే చెప్పింది.