సముద్రం మీదికెళ్లి సబ్బవరంలో పడ్డ బెలూన్

గవర్రాజుది చేపల వేటకెళ్లే కుటుంబం. అన్న గురువులు ఇప్పటికీ బోటు మీదే. గవర్రాజు మాత్రం ఇరవయ్యేళ్ల కిందట విశాఖలో వాతావరణం కొలిచే ఆఫీసులో చేరాడు. రోజూ సాయంత్రం పెద్ద బెలూన్‌లో గ్యాస్ నింపడం, దానికి చిన్న పరికరం డబ్బా కట్టడం, వదిలెయ్యడం అతని పని. వానాకాలంలో అది పడమటి గాలికి సముద్రం మీదికే పోయేది. మబ్బుల్లో కలిసేదాకా చూసి, పైనెక్కడో పగిలి ఇక నీళ్లపాలే అనుకుని ఇంటికెళ్లిపోయేవాడు.

జూలైలో ఒక పొద్దున ఫోనొచ్చింది.

"నాను సబ్బవరం నుంచి పైడితల్లిని. మా బెండతోటలో తెల్ల డబ్బా పడింది. మీ నెంబరుంది దీని మీద. ఇదేటి బాబూ, పేల్తాదా?"

"పేలదమ్మా, బయపడకు," అని గవర్రాజు డబ్బా మీది అంకెలు చదివించుకున్నాడు. నిన్న తన చేత్తో కట్టిందే! తూర్పుకెళ్లింది పడమటెలా పడింది?

పరుగున వెళ్లి ఆఫీసరు సూర్యకళని అడిగాడు.

"కింద పడమటి గాలైనా, బాగా పైన తూర్పుగాలి ఉంటుంది గవర్రాజు గారూ," అందామె. "టిబెట్ పీఠభూమి ఎండకి వేడెక్కుతుంది. ఇటు కొండల మీదా, బంగాళాఖాతం మీదా పడే వానలు ఇంకా వేడి పుట్టిస్తాయి. ఆ వేడికి ఉబ్బిన గాలి పైనుంచి దక్షిణానికి బయల్దేరుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి పడమటికి మళ్లిపోతుంది."

"వాన పడితే సల్లగుంటాది గానీ, వేడేటి మేడమ్?"

"కుక్కర్ ఆవిరి చేతికి తగిలి నీరైతే కాలదూ? మబ్బులోనూ అంతే. ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి వదుల్తుంది."

ఆ సాయంత్రం బెలూన్ వదిలాక గవర్రాజు ఇంటికెళ్లలేదు. మొదటిసారి కంప్యూటర్ ముందు నిలబడ్డాడు. తెర మీద బెలూన్ దారి చూపే ఎర్రగీత సముద్రం మీదికి సాగింది. ఏడు కిలోమీటర్ల ఎత్తులో నెమ్మదించింది. గీత వంగింది, వెనక్కి తిరిగింది, ఊరి మీదుగా పడమటికి దూసుకుపోయింది. పదిహేను కిలోమీటర్ల ఎత్తులో గాలి వేగం గంటకి నూటముప్పై కిలోమీటర్లు.

వెంటనే అన్నకి ఫోన్ చేశాడు.

"అన్నా, మనకి తగిలే గాలికి పైన ఇంకో గాలుంది. రైలు కన్నా జోరుగా ఎదురెల్తంది."

"తాగావేట్రా?" అన్నాడు గురువులు.

మర్నాడు సాయంత్రం అన్నని ఆఫీసుకి వెంటబెట్టుకొచ్చాడు. గీత తిరిగేసరికి గురువులు కుర్చీలోంచి లేచిపోయాడు. నలభయ్యేళ్లుగా గాలి చూసి బోటు నడిపిన మనిషి, "ఇంకోపాలి సూపించమ్మా," అని సూర్యకళని బతిమాలాడు.