తలుపులమ్మ పంచిన మాత్ర

పిఠాపురం దాటి సముద్రం వైపు వెళ్తే తగిలే జాలరిపేటలో తలుపులమ్మ నోటికి జడవనిది సముద్రం ఒక్కటే. అది ఏడాదికో వరస ఇళ్ళు మింగుతూ, ఈవిడ తిట్లు వింటూ, తన పని తాను చేసుకుపోతుంది. మిగతా లోకమంతా ఆవిడకి లోకువే. చేప మొప్పలెత్తి వాసన చూసి సగం ధరకి అడిగే టౌను ఆడవాళ్ళు లోకువ. ఎన్నికలప్పుడు మాత్రమే వరసలు కలిపి పిలిచేవాళ్ళు మరీ లోకువ. ఇక మొగుడు బుల్లియ్య సంగతి సరేసరి. వలకి చిల్లు పడినా తన మొహమే చూస్తాడని ఆవిడ గోల.

కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆవిడ తలమీద గంప దిగలేదు. పచ్చిచేపలో ఎండుచేపలో, ఏవి దొరికితే అవి బస్సెక్కించి, గంప వాసనని మొహం చిట్లించిన కండక్టరుతో పోట్లాడి, పిఠాపురం వీధుల్లో అమ్ముకొచ్చింది. షుగరుందని తెలిసినప్పుడు, "దీనికింకెవరూ దొరకలేదు కామోసు," అని మళ్ళీ గంపెత్తుకుంది. అదే షుగరు తోడికోడలు లక్ష్మీదుర్గకి అంతకుముందే వచ్చి కిడ్నీల దాకా పాకింది. లక్ష్మీదుర్గ మొగుడు చిట్టియ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆవిడ ఈ ఇంట్లోనే, నడవలో మంచం మీద ఉంటోంది. ఆ మనిషి మీద మాత్రం తలుపులమ్మ నోరు ఎన్నడూ లేవలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "దాని కష్టాలు చాలవా, నా తిట్లు కూడానా," అనేది.

అలాంటి పేటకి రాజమండ్రి నుంచి ఒక తెల్లకారు వచ్చింది. ఏదో కంపెనీవాళ్ళు షుగరుకి కొత్త మాత్ర తయారుచేశారట. అది మనుషుల మీద ఎలా పనిచేస్తుందో చూడాలట. ఆ మనుషుల్ని ఎక్కడ వెతకాలి? కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదుల్లో కాదుగదా. మాత్రలు స్టాకు లేవంటే కిక్కురుమనకుండా ఇంటికి తిరిగిపోయే ప్రభుత్వ ఆరోగ్యకేంద్రం క్యూలోనే వెతకాలి. షుగరున్నవాళ్ళని పోగెయ్యమని నర్సమ్మ సాయిదుర్గకి పైనుంచి చెప్పారు. ఆ పిల్ల ఈ పేట పిల్లే. "పిన్నీ, మంచి మందంట, టెస్టులన్నీ ఊరికే చేస్తారంట," అంటూ ఇల్లిల్లూ తిరిగి పోగేసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ కంపెనీకి మాత్రం అడక్కుండానే జాలరిపేట మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

కారులోంచి దిగిన కోఆర్డినేటరు పేరు సుప్రియ. మెత్తని మాట, మెడలో కార్డు. ఆరోగ్యకేంద్రంలో ఒక్కొక్కళ్ళనీ కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా కెమెరా పెట్టి, కాగితాలు చదివి వినిపించింది. ఆ తెలుగు ఏ ఊళ్ళో మాట్లాడతారో దేవుడికే తెలియాలి. "పాల్గొనువారికి కలుగగల ప్రతికూల ప్రభావములు" అంటూ సాగింది. పాత మాత్రలు ఎలాగూ వేసుకోవాలట. వాటితోపాటు కొందరికి కొత్త మాత్ర, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారట. ఎవరికి ఏది ఇచ్చారో డాక్టరుకి కూడా తెలియదట.

"అర్థమైందా అండి?"

"ఆయ్, అర్థమైందండి," అన్నారు అందరూ. కాలేదంటే మళ్ళీ మొదటినుంచి చదువుతుందని భయం.

తలుపులమ్మ ఒక్కతే అడిగింది. "మీ అమ్మగారికి షుగరుంటే ఉత్తుత్తి మాత్ర ఇస్తారా అమ్మాయిగారూ?"

సుప్రియ నవ్వి తర్వాతి కాగితం తీసింది. ఆ నవ్వు కూడా కెమెరాలో పడే ఉంటుంది.

లక్ష్మీదుర్గ కూడా ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, ఆటో ఎక్కి వచ్చింది. అందరితోపాటు ఆవిడకీ రక్తం తీశారు. వారం తిరిగాక తలుపులమ్మని తీసుకున్నారు. లక్ష్మీదుర్గ కిడ్నీలు బాగోలేవు కాబట్టి వద్దన్నారు.

"జబ్బు తక్కువున్నోళ్ళకి మందు, ఎక్కువున్నోళ్ళకి దణ్ణమా?" అంది తలుపులమ్మ.

"ఆవిడ మంచికేనండి," అంది సుప్రియ.

నిజానికి అది లక్ష్మీదుర్గ మంచికే. కానీ ఎందుకు మంచికో విడమరిచి చెప్పే తీరిక ఎవరికుంది? కారు ఇంకో ఊరు వెళ్ళాలి. ఇంటికొచ్చి మంచి చీర మడత పెట్టుకుంటూ, "మందుకి కూడా పనికిరానంటక్కా," అంది లక్ష్మీదుర్గ. ఆ మాట తలుపులమ్మ గుండెల్లో ముల్లులా దిగింది.

జాలరిపేటకి ఒక ధర్మముంది. పడవ ఒడ్డెక్కాక వాటాలేస్తారు. పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. జ్వరమొచ్చి పడవెక్కలేని వాడింటికి కూడా కూరకి చేపలు వెళ్ళాల్సిందే. అలా పంపని పడవ యజమానిని పేటంతా వెలివేసినట్టు చూస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి జబ్బుండి ఒక్కరికే మందొస్తే ఏం చెయ్యాలో తలుపులమ్మకి ఒకరు చెప్పాలా? మాత్రలు ఎవరికీ ఇవ్వకూడదని సుప్రియ చెప్పింది. తలుపులమ్మ విన్నది కూడా. తలుపేసుకుని ఒక్కదాన్నే తినమంటోంది, సిగ్గులేకపోతే సరి, అనుకుంది. రోజుకిచ్చిన రెండు మాత్రల్లో పొద్దుటిది తను వేసుకుని, సాయంత్రానిది తోడికోడలి చేతిలో పెట్టింది.

"నీకు చాలదేమో అక్కా."

"మింగవే. నా మొహానికి ఉత్తుత్తిదే ఇచ్చుంటారు."

కారొచ్చినప్పుడల్లా ఖాళీ అట్టలు తీసుకెళ్ళి ఇచ్చేది. సుప్రియ మురిసిపోయేది. "తలుపులమ్మగారిని చూసి నేర్చుకోండి, ఒక్క మాత్ర మానలేదు," అని అందరి ముందూ పొగిడేది. ఆ మాత్రలు ఎన్ని నోళ్ళలో పడుతున్నాయో ఇంటికొచ్చి ఒకసారి చూడొచ్చు. కానీ పేటంతా ఇసక, చెప్పులు పాడైపోవూ?

ఒక సాయంత్రం లక్ష్మీదుర్గకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. మాట తడబడింది. పిలిస్తే పలకడం మానేసింది. బుల్లియ్య పరిగెత్తి ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు షుగరు బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కిస్తూ, ఏం మందులు వాడుతోందని అడిగాడు. నిజం చెబితే తలుపులమ్మకి కొత్త మందు పోతుంది, టెస్టులు పోతాయి, అక్షింతలు మిగులుతాయి. అయినా ఆవిడ నాన్చలేదు.

"కంపెనీవోళ్ళు నాకిచ్చిన మాత్ర దానికి నేనే ఏశానండి. తప్పు నాది. దాన్ని బతికించండి," అంది. తన చేత్తో తనే చంపుకుంటున్నానేమోనని డాక్టరుకి దణ్ణం పెట్టింది.

లక్ష్మీదుర్గ బతికింది. కబురు తెలిసి మర్నాడు సుప్రియ ఆసుపత్రికి వచ్చింది. నిన్నటిదాకా ఒలకబోసిన ప్రేమ ఏ కాలవలో కలిసిందో మరి.

"ఎంత పని చేశారమ్మా. మా డేటా పాడైపోయింది. మిమ్మల్ని తీసెయ్యాల్సొస్తుంది."

"తీసెయ్యండి. తప్పు నాదే అన్నానుగా. కానీ కిడ్నీలు పాడైనోళ్ళని ఈ మందు ఇలా పడేస్తందని రాసుకోండి. ఇంకో ఇంట్లో ఇలా జరక్కూడదు."

"ఆవిడ మా స్టడీలో లేదండి."

"మరి మంచం మీద పడున్నదెవరండి?"

"మా పేషెంట్ కాదమ్మా. రాయడానికి ఉండదు."

"రక్తం తీసిన రోజు మీ మనిషేగా? సూది గుచ్చడానికి పనికొచ్చింది, రాయడానికి పనికిరాదా?"

సుప్రియ ఫోను తీసి చూసుకుంది. చదువుకున్నవాళ్ళకి అదొక వరం. సిగ్గుపడాల్సిన చోట సరిగ్గా ఏదో ఒక మెసేజీ వస్తుంది.

వానలు వెనకబట్టాక సాయిదుర్గ మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. మానేసిన వాళ్ళ బదులు కొత్తవాళ్ళు కావాలట. ఈసారి ఒక మాట ప్రతి గుమ్మంలోనూ చెబుతోంది.

"పిన్నీ, ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషుంటే ఈ మాత్రలు తాళం ఏసి పెట్టాలంట. పొరపాటున మింగితే షుగరు పడిపోద్దంట."

"ఎవరు కనిపెట్టారే అది?"

"ఏమో పిన్నీ. పైనుంచి వచ్చింది."

రాయడానికి ఉండదన్న ముక్క రాసుకున్నారన్నమాట. మనిషిని తుడిచేసి ముక్క ఉంచుకున్నారు. తలుపులమ్మకి ఒళ్ళు మండిపోయింది. సాయిదుర్గ జబ్బ పట్టుకుని నడవలోకి లాక్కొచ్చింది.

"పైనుంచి రాలేదు, ఈ మంచం మీంచెళ్ళింది. దాని మొహం చూసి చెప్పు. దాని మూలంగానే తెలిసిందని చెప్పు."

సాయిదుర్గ నోరు తెరిచేలోగా లక్ష్మీదుర్గ చేతులానించి లేచి కూర్చుంది. జుట్టు సర్దుకుని, పిల్ల కూర్చోవడానికి మంచం మీద చోటిచ్చింది.

"కిడ్నీ అంటన్నావు. నాలాంటోళ్ళకి మందొచ్చిందా అమ్మా?" అంది.

"ఇంకా రాలేదు పిన్నీ," అంది సాయిదుర్గ. తలుపులమ్మకి తిట్టడానికి ఎవరూ దొరకలేదు. తోడికోడలి పక్కన కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.