కుడివైపు మోగని సెట్టు

టాక్సీ స్టాండులో ఆయన్ని అందరూ నిదానం బాబాయ్ అంటారు. ముప్పై ఏళ్లుగా బండి నడుపుతూ దాని మీద ఒక్క గీత కూడా పడనివ్వని మనిషి. పచ్చదీపం వెలిగినా అటూ ఇటూ చూసుకుని గానీ కదలడు. వెనక సీట్లో వాళ్లు పళ్లు నూరుకుంటే నూరుకోనీ, ఆయనకేం పట్టదు. అలాంటి మనిషికి నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదంటే, దానికి కారణం ఇటుకంత కూడా లేని ఒక కారు స్టీరియో.

కూతురు ఉద్యోగంలో చేరాక కొన్న మొదటి వస్తువు అది. తనకోసం చెప్పుల జత కూడా కొనుక్కోకుండా, నాన్న బండిలో పాత సెట్టు బొంగురుపోయిందని ఆన్‌లైన్‌లో వెతికి వెతికి తెప్పించింది. స్టాండు దగ్గరి మెకానిక్ ఆ వైరూ ఈ వైరూ మెలిపెట్టి, పైన టేపు చుట్టి, అరగంటలో అయిపోయిందన్నాడు. తీరా పాట పెడితే కుడివైపు మోగలేదు. పైగా సెట్టు ఆపేసినా గుయ్యిమని ఒకటే రొద.

ఈ సంగతి ఆ పిల్లకు ఏ నోటితో చెబుతాడు? రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "సెట్టు ఎలా ఉంది నాన్నా?" అని అడుగుతుంది. "బ్రహ్మాండంగా ఉందమ్మా" అంటాడు ఈయన. అబద్ధం ఆడటం చేతకాని మనిషి, నాలుగు రోజులు వరసగా ఆడాడు. వాపసు ఇవ్వడానికి గడువు రేపటితో సరి. సెట్టుదే లోపమని పని తెలిసినవాళ్లు ఎవరైనా తేల్చి చెబితే, గుండె రాయి చేసుకుని కూతురితో చెప్పేద్దామని బయలుదేరాడు.

మొదటి షాపులో, "మా దగ్గర కొన్నదా?" అన్నారు. కాదనగానే మొహం తిప్పేసుకున్నారు. రెండో షాపువాడు అంతకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. "బయట సెట్లు ముట్టుకుంటే మా పేరు పోతుందండీ" అన్నాడు. ఏం పేరో ఏమో, షాపు బోర్డులో సగం అక్షరాలు ఎప్పుడో రాలిపోయాయి.

మూడో షాపు గుమ్మానికి ఒక అట్ట వేలాడుతోంది. "సెట్టు మీది. బిగింపు మాది. కూర్చుని చూపిస్తేనే బండి ఇస్తాం." ఆ చివరి ముక్క ఆయనకు అర్థం కాలేదు గానీ, మొదటి ముక్కకే ప్రాణం లేచొచ్చింది.

లోపల మూలన స్టూలు మీద ఒక ముసలాయన మరలు ఏరి డబ్బాల్లో వేస్తున్నాడు. నమస్కారమండీ అంటే తల కూడా ఎత్తలేదు. పెద్దమనిషికి గీర బాగానే ఉంది అనుకున్నాడు నిదానం బాబాయ్. ఇంతలో నుదుటి మీదికి కళ్లజోడు తోసుకుంటూ షాపు ఆవిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి.

"సెట్టు నేను తెచ్చుకున్నదేనమ్మా. కుడివైపు మోగట్లేదు, చూస్తారా?"

"షాపు తెరుచుకుని కూర్చుంది అందుకే కదా బాబాయ్."

సెట్టు బయటికి లాగి, వెనక ఆ వైర్ల చిక్కు చూసింది. "ఎవరి చేతిపని ఇది?"

"మా స్టాండులో మెకానిక్‌దే."

"ఆయనకు నా దండం చెప్పండి" అంది.

టేపంతా ఊడబీకి, ఒక్కో అతుకుకూ టంకం పెట్టి, తొడుగు వేసి, గంటన్నరకు మళ్లీ బిగించింది. అప్పుడు ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమంది. "పాట ఎటునుంచి వస్తే అటు చెయ్యి చూపించండి."

ఎడమవైపు చూపించాడు. ఆవిడ ఏదో మీట తిప్పింది. మళ్లీ ఎడమవైపే చూపించాడు, కాకపోతే ఈసారి పాట ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టుంది.

"నేను చెప్పలేదూ, కుడివైపు లేదమ్మా. ఆ రొద కూడా తగ్గలేదు."

ఆవిడ ఆయన కుడిచెయ్యి పట్టుకుని కుడి తలుపులో ఉన్న స్పీకరు జల్లెడ మీద ఆనించింది. అరచేతి కింద జల్లెడ అదురుతోంది. తర్వాత సెట్టు వైర్లన్నీ పీకేసి దాన్ని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇప్పుడు రొద ఉందా?"

"ఉంది" అన్నాడు. అని, ఒళ్లో చచ్చినట్టు పడి ఉన్న సెట్టు వంక చూశాడు.

"ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటారు బాబాయ్?"

కుడి అనబోయి ఆగిపోయాడు. ఈ నాలుగు రోజుల్లో ఫోన్ ఎడమ చేతికి మారింది. ఎప్పుడు మారిందో తనకే తెలియదు. "కాస్త జలుబు చేసిందమ్మా. అదే పోతుందిలే అనుకున్నా" అన్నాడు మెల్లగా.

ఆవిడ మూలన ఉన్న ముసలాయన్ని చూపించింది. "మా నాన్న. ఈ షాపు ఆయనదే. మొదట ఒక చెవి ఇలాగే పోయింది. స్పీకర్లు చెడిపోయాయని నాలుగు మార్చాడు గానీ, చెవి మాత్రం మూడు నెలలకు గానీ చూపించుకోలేదు. వినికిడి ఇక రాలేదు. తర్వాత రెండోదీ పోయింది. లేవండి, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"రేపు నిదానంగా వెళ్తాలేమ్మా."

"నిదానం లేదు గిదానం లేదు. ఆ సీటు దిగండి."

షాపు తండ్రికి వదిలేసి బండి తనే నడిపింది. సొంత బండిలో పక్క సీట్లో కూర్చోవడం ఆయనకు అదే మొదలు. ఆవిడ దూకుడుకు దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. చెవి పోతే బండి పోతుంది. బండి పోతే తనకు చేతనైన పని ఇంకొకటి లేదు.

చెవి డాక్టరు అన్నీ పరీక్షించి, "నాలుగు రోజులకే ఎలా వచ్చారు?" అని ఆశ్చర్యపోయాడు. "చాలామంది నెలకు వస్తారు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు. ఇప్పుడూ మాటివ్వలేను, మందులు వాడి చూద్దాం" అన్నాడు. బండి జోలికి పోవద్దన్నాడు. బండిని ఆవిడే తిరిగి షాపుకు తీసుకెళ్లి, సెట్టు మళ్లీ బిగించి ఉంచింది.

ఆ సాయంత్రం కూతురు ఫోన్ చేస్తే నాలుగు రోజుల అబద్ధాలూ ఒప్పుకుని, జరిగిందంతా చెప్పాడు. "సెట్టు పోతే పోయింది, నాకు చెప్పకుండా ఎలా ఉన్నావు నాన్నా?" అని తిట్టింది, ఏడ్చింది, మర్నాడే వచ్చి వాలింది. వాపసు గడువు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

మూడు వారాల తర్వాత తండ్రీ కూతుళ్లు షాపుకు వచ్చారు. రొద పోయింది. చెవి మునుపటంత కాకపోయినా ముప్పాతిక వంతు వచ్చిందన్నాడు డాక్టరు. ఆవిడకు ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్న మాటలు, ఆవిడ ఎదురుపడగానే నిదానం బాబాయ్ మర్చిపోయాడు. "నువ్వు లేకపోతే నా బతుకు..." అని మొదలుపెట్టాడు.

"ముందు కూర్చుని చూపించండి. ఊరికే ఇవ్వను బండి" అంది ఆవిడ.

కూర్చుని కళ్లు మూసుకున్నాడు. కూతురు తలుపు పట్టుకుని నిలబడింది. ఆవిడ మీట తిప్పింది. ఆయన చెయ్యి లేచి కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత కుడివైపుకు తిరిగింది.

మూలన మరలు ఏరుకుంటున్న ముసలాయనకు పాట వినపడలేదు. ఆ చెయ్యి మాత్రం కనపడింది. డబ్బా పక్కన పెట్టి, స్టూలు మీంచి లేచి, నవ్వుతూ రెండు చేతులా చప్పట్లు కొట్టాడు. కళ్లు మూసుకునే ఉన్న నిదానం బాబాయ్ ఆ చప్పట్లు వచ్చిన వైపుకు తల తిప్పాడు.