గడి ముందు చెప్పులు

కొత్త తోలు వాసన తగిలితే ఇప్పటికీ ఒకప్పుడు నాయిన మీద నాకు కలిగిన అనుమానమే గుర్తొస్తుంది.

ఊరందరికీ చెప్పులు కుట్టే నాయిన ఎప్పుడూ ఒట్టికాళ్లతోనే తిరిగేవాడు. ఒక శనివారం జొన్నల కుండ వెనుక గుడ్డలో చుట్టిన కొత్త జత కనబడింది.

"ఎవరియే అమ్మా?"

"సప్పుడు జెయ్యకు. నాయిననడుగకు." అమ్మ గుడ్డను మళ్లీ చుట్టేసింది.

ఊరి దొరవి నాయిన ఎత్తుకొచ్చాడనుకున్నాను. దొంగిలించకూడదని మాకు నేర్పింది ఆయనే! సాయంత్రం ప్రార్థనలో ఆయన కళ్లు మూసుకుంటే, నేను తెరిచి ఆయన ముఖమే చూశాను.

మరునాడు ఆరాధనకు ఆ చెప్పులే తొడుక్కున్నాడు. దారిలో దొర ఉండే గడి ముందు మా వాడవాళ్లు చెప్పులు విప్పి చేతబట్టుకోవాలి. నాయిన విప్పలేదు.

"ఏందిరా, చెప్పులతోనే పోతున్నవ్?" గడి జవాను అరిచాడు.

దొంగతనం బయటపడిందని ఏడ్చాను.

"నా కాళ్లకే కుట్టుకున్న అయ్యా. ప్రార్థనకు పోతున్న."

"దొరకు చెప్తా!"

"చెప్పుండ్రి."

గొంతు చిన్నదే, తల మాత్రం దించలేదు. ప్రభువు మన సిగ్గును తీసివేస్తాడని తరువాత ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ మాట వింటే నాకు కనిపించేది ఆ దారే. ఎప్పుడూ వెనుక నడిచే అమ్మ, నా చేయి పట్టుకుని గబగబా వెళ్లి నాయిన పక్కన నడిచింది.