మొదటి పసుపు కప్ప ఎలా బతికింది?

మా జువాలజీ మేడమ్ గారు పోయారు. గురువారం పొద్దున్నే వాళ్ల చెల్లెలు గారు ఫోన్ చేసి, "అక్క నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా" అన్నారు. దానికి నేనేమన్నానో తెలుసా? "ఆదివారం వస్తానని చెప్పానండి" అన్నాను. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఏం న్యాయం? అయినా తెచ్చుకున్నాను. ఆవిడకు నేను చూపించాల్సింది ఒకటి మిగిలిపోయింది. అదేంటో మీకు అర్థం కావాలంటే మండపేటలో మేం ఇంటర్ చదివిన రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రోజు పాఠం రంగుల గురించి. కొన్ని జీవులు చుట్టుపక్కల రంగులో కలిసిపోయి ప్రాణం కాపాడుకుంటాయి. కొన్ని మాత్రం ఎర్రగా, పచ్చగా, నీలంగా మెరుస్తూ "నన్ను ముట్టుకోకు, విషం" అని చాటుకుంటాయి. దక్షిణ అమెరికా అడవుల్లో బొటనవేలంత విషకప్పలు అలాంటివేనట. పుస్తకంలో బొమ్మ నలుపు తెలుపులో ఉంది. మెరిసే కప్పను నలుపు తెలుపులో వేసిన మహానుభావుడెవరో గానీ, మేడమ్ గారు ఆ పేజీ చూసి తల కొట్టుకుని, "రేపు ఎవరూ టిఫిను తిని రావద్దు" అన్నారు.

మర్నాడు ల్యాబ్ బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి ఉంది. దాని మీద మరమరాలు. సగం మామూలు తెల్లవి, దుప్పటిలో కలిసిపోయి కనబడీ కనబడనట్టున్నాయి. మిగతా సగం పసుపుపచ్చగా ఉన్నాయి. "మీరు పిట్టలు. రెండు వేళ్లే ముక్కు. ఏరుకు తినండి" అన్నారు. ఆవిడ లెక్క ఏంటంటే, వింత రంగు చూసి మేం జంకుతామని, తెల్లవాటినే వెతుక్కుంటామని.

మా ఊరి పిల్లలకు పచ్చటి మరమరాలు చూస్తే జంకు పుడుతుందా? బస్టాండు దగ్గర పొట్లం కట్టి ఇచ్చే పోపు మరమరాలు పచ్చగానే ఉంటాయి కదా. ఖాళీ కడుపుల మీద ఉన్నామేమో, అందరం పచ్చవాటి మీదే పడ్డాం. నేనైతే గుప్పెడు నోట్లో వేసుకున్నాను. వేపాకు రసంలో పసుపు కలిపి చిలకరించి, ఎండబెట్టి తెచ్చారట. కిటికీ దగ్గరికి పరిగెత్తి ఊసిన ఊపుకి నా జడ రిబ్బను కూడా ఊడింది.

మేడమ్ గారు స్టూలు మీద కూర్చుండిపోయి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "ప్రయోగం ఫెయిలైంది. చాలా బాగా ఫెయిలైంది" అన్నారు. "రంగుకు దానంతట దానికి అర్థం లేదర్రా. తిన్నవాడు నేర్చుకోవాలి." మళ్లీ ఏరమన్నప్పుడు పచ్చదాన్ని ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు.

అప్పుడు అడిగారు ఆ ప్రశ్న. "ఇప్పుడు మీరు నేర్చుకున్నారు, సరే. మొదట నోట్లో వేసుకున్నవాటి సంగతేంటి? అడవిలో అన్నీ మట్టిరంగు కప్పలే ఉన్నప్పుడు, మొట్టమొదటి పసుపు కప్ప ఒకటి పుట్టిందనుకోండి. విషం ఉందని ఏ పిట్టకూ తెలీదు. అన్నిటికంటే ముందు అదే కనబడుతుంది, దాన్నే పొడుస్తాయి. మరి దానికి పిల్లలెలా పుట్టాయి? ఎలా బతికింది?"

నేను లేచి, "పిట్టలకు దేవుడు ముందే చెప్పి ఉంటాడండి" అన్నాను.

"మరి నీకెందుకు చెప్పలేదే?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. జవాబేంటని అడిగితే "నాకు తెలీదు" అన్నారు. లెక్చరరు అలా అనడం నేను వినడం అదే మొదటిసారి. "తెలీదు అనడం నేర్చుకోండి, మార్కులు తర్వాత వస్తాయి" అనేవారు. ఆవిడది ఇంకో మాట ఉంది. ల్యాబ్‌లో ఏది చూపించి అడిగినా, "ముందు చూసింది చెప్పు, అనుకున్నది తర్వాత చెప్పు" అనేవారు. ఇప్పుడు నేను రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రైతు వచ్చి "వైరస్సేనంటారా?" అని కంగారు పెట్టేసినప్పుడు ఆ మాటే నన్ను నిలబెడుతుంది.

ఆదివారాలు ఆవిడ లూథరన్ చర్చిలో పాటలు పాడేవారు. గొంతు అంత గొప్పదేం కాదు, శ్రుతి మాత్రం తప్పేది కాదు. ఒకసారి సంఘపెద్ద ఒకాయన మెట్ల దగ్గర ఆపి, "కోతి నుంచి మనిషి అని మీరూ చెబుతారా మేడమ్ గారూ?" అన్నాడు. "దేవుడు చేసిన పని ఎలా జరిగిందో తొంగి చూస్తున్నానండి. తప్పంటారా?" అని ఆయన చేతిలో గొడుగు పెట్టి వచ్చేశారు. గొడుగు ఆయనదే. మర్చిపోయి వెళ్తున్నాడు. ఎదుటివాళ్ల వస్తువులన్నీ ఆవిడకు గుర్తే. తన కళ్లజోడు మాత్రం తల మీదికి తోసుకుని ఇల్లంతా వెతికేవారు.

పోయిన వేసవి నుంచి మంచం పట్టారు. నేను ఆదివారం ఆదివారం వెళ్లేదాన్ని. ఈ మధ్య ఫోన్లో ఒక సైన్సు వ్యాసం చదివి, ఆ వారం ఆదివారం దాకా ఎలా ఆగానో నాకే తెలియదు. వెళ్లీ వెళ్లగానే చెప్పాను. "మేడమ్ గారూ, మీ మొదటి కప్ప దొరికిందండి. అది ఒక్క గెంతులో పసుపుగా మారలేదట. ముందు రంగును పొట్ట కింద, కాళ్ల మడతల్లో దాచుకుందట. కూర్చుంటే మట్టిరంగు, ఎవరికీ కనబడదు. ప్రాణం మీదికి వస్తేనే రంగు బయట పెడుతుంది. అలా దాచుకున్నవాటి వంశంలో నుంచే ఒళ్లంతా రంగున్నవి వచ్చి ఉండొచ్చు అంటున్నారు."

ఆవిడ దిండు మీద నుంచి కొంచెం పైకి జరిగారు. తర్వాత, "వచ్చి ఉండొచ్చు అన్నారా, వచ్చాయి అన్నారా?" అని అడిగారు.

"ఉండొచ్చనే అన్నారండి."

"అయితే మంచివాళ్లే" అన్నారు. మొహం వెలిగిపోయింది. "నాకు చూడాలనుందే. మన దగ్గర లేదా, రంగు దాచుకునే కప్ప?"

ఉంది. ఎక్కడో కాదు, వాళ్ల బాత్రూంలోనే, బకెట్ వెనక గోడకు అంటుకుని. చెట్టుకప్ప. వానాకాలం మనిళ్లన్నిటికీ వస్తుంది, చీపురుతో తోలేస్తాం. రైసుమిల్లు ఊకబూడిద పడి ఆ ఇంటి గోడలు ఏ రంగుకు తిరిగాయో అదీ అదే రంగు. ఆ రోజు తట్టలేదు గానీ, వారం తర్వాత నేను దాన్ని తోలబోతే దూకింది. చాచిన వెనక కాళ్ల తొడల మీద పసుపు చుక్కలు! ఇన్నేళ్లు ఆ ఇంట్లో మసిలి ఒక్కరమూ చూడలేదు.

మగ్గులో పట్టి మంచం దగ్గరికి తెచ్చాను. "చూడండి చూడండి" అంటూ వదిలాను. దూకి కర్టెన్ మీద వాలింది. మేడమ్ గారు దిండు పక్కన తడుముకుంటున్నారు. కళ్లజోడు తల మీదే ఉంది. అది దించి పెట్టుకునేసరికి కప్ప కాళ్లు మడుచుకుని కూర్చుంది. ఏ రంగూ లేదు. వేలితో పొడిచాను. ఇంకా గట్టిగా అతుక్కుంది.

"ఊరుకో, దాన్ని బెదిరించకు" అన్నారు. "దీనికి ఆ అడవి కప్పలంత విషం లేదు కదా. మరి పసుపెందుకు?"

"పామును ఒక్క క్షణం బెదరగొట్టడానికేమోనండి."

"ఏమో అన్నావు. బావుంది." నా చెయ్యి పట్టుకుని నొక్కారు. "వచ్చే ఆదివారం చూస్తాను. కళ్లజోడు పెట్టుకునే కూర్చుంటాను."

ఆ ఆదివారానికి సమాధుల తోటలో మట్టి ఇంకా తడిగానే ఉంది. ఇంట్లో ఆదరణ కూడిక, అంటే ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, జరిగింది. ఆవిడకు ఇష్టమైన పాటలు పాడారు. నేను పాటల పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. అందరూ వెళ్లాక వాళ్ల చెల్లెలు గారు గది సర్దుతూ, "ఆ కర్టెన్ తీసివ్వమ్మా, ఉతికేద్దాం" అన్నారు. కొక్కెం మీద చెయ్యి వేశానో లేదో, మడతలోంచి దూకింది. మంచం మీదుగా, రెండు కాళ్లూ బారుగా చాచి. వాళ్ల చెల్లెలు గారు "అయ్యో" అని వెనక్కి తగ్గారు.

నేను ఖాళీ మంచం వైపు తిరిగాను. "మేడమ్ గారూ, తొడల వెనక పసుపు చుక్కలండి. వాటి చుట్టూ ముదురు గోధుమరంగు వలలా ఉంది. దూకినప్పుడే కనబడ్డాయి. కూర్చోగానే పోయాయి" అన్నాను. చూసింది చెప్పాను. అనుకున్నది తర్వాతకి ఉంచుకున్నాను.

మంచం వెనక గోడ మీద, ఆవిడ తల ఆనించి ఆనించి నూనె మరక పడిన చోటికి రెండు వేళ్ల పైన, కప్ప కాళ్లు మడుచుకుని బూడిదరంగులో కూర్చుంది.